చిలుక మింగిన గొంతులు

మన తాతల తాతలకి కూడా తాతలైనవాళ్ళు ఇంకా పుట్టని రోజుల్లో, వెదురుకోట అనే చోట ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు గుణకేతుడు. ఆ రోజులు సరిగ్గా ఎప్పుడని అడగకండి పిల్లలూ. నేను కాలేజీలో చరిత్ర చదువుకున్నవాణ్ణే గానీ ఈ కథ ఆ పుస్తకాల్లో లేదు. ఉన్న కథలు కూడా ఆ పుస్తకాల్లో ముసుగు తన్ని నిద్రపోతుంటాయి. మా మాస్టారు రాజుల పేర్లు వరసగా చెప్పుకుపోతుంటే వెనక బెంచీలో మేము కూడా ఆ రాజులతోపాటు నిద్రపోయేవాళ్ళం. సరే, అదంతా ఎందుకు, రాజు దగ్గరికి వద్దాం.

గుణకేతుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు. అతను కత్తి తిప్పితే ఈగ కూడా భయపడి చుట్టుతిరిగి వెళ్ళేది. నడిపివాడు శ్రుతకీర్తి. అతను చదవని గ్రంథం లేదు, చదివింది మరచిపోయిన రోజూ లేదు. చిన్నవాడు కేదారుడు. వాడికేం వచ్చు అని ఎవరైనా అడిగితే రాజు కాసేపు ఆలోచించి, "వాడు అన్నం బాగా తింటాడు" అనేవాడు.

వెదురుకోటలో ఒక కట్టుబాటు ఉండేది. కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళు ఊ కొట్టాలి. మనం కూడా కొడతాం, కానీ మనకి అది అలవాటు, వాళ్ళకి అది చట్టం. ఊ రాకపోతే చెప్పేవాళ్ళు అక్కడికక్కడ ఆపెయ్యాలి. రాక్షసుడు గద ఎత్తి ఉన్నా సరే, ఊ వచ్చేదాకా ఆ గద దిగకూడదు. వినేవాడు లేని కథని నడిపించడం నిద్రపోయేవాడి నోట్లో అన్నం కుక్కడంతో సమానమని వాళ్ళ నమ్మకం. అందుకని ప్రతి సాయంకాలం, ఏ అరుగు చూసినా ముసలమ్మల గొంతూ, దాని వెనకే పిల్లల ఊ, ఊ, ఊ అనే చప్పుడూ వినిపిస్తుండేవి.

ఒకరోజు ఆ ఊరికి కరాళుడనే మాంత్రికుడు వచ్చాడు. మాంత్రికుడంటే ఎర్ర కళ్ళూ, జడలు కట్టిన జుట్టూ అనుకుంటారేమో. అదేం లేదు. తెల్లటి పంచె, గంధం బొట్టు, నోట్లో తాంబూలం, మాటకి ముందు "నాయనా", మాటకి వెనక "తల్లీ". భుజం మీద ఒక పచ్చని చిలుక. ఆ చిలుక ముక్కు తెరిచేది కాదు. కూసేది కాదు.

కరాళుడు నిండు సభలో కూర్చుని, "మీ వెదురుకోట కథ వినాలని ఉంది, చెప్పించండి" అన్నాడు. ఆస్థాన కవి లేచి మొదలుపెట్టాడో లేదో కరాళుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది నాకు తెలుసు. శత్రువులు కోట ముట్టడిస్తారు. మీ రాజుగారి ముత్తాత చండకేతుడు జనంతో సొరంగంలోంచి అడవిలోకి తప్పించుకుంటాడు. సైన్యం కూడగట్టి తిరిగొచ్చి గెలుస్తాడు. అంతేనా?"

"అంతే" అన్నాడు కవి, ముఖం చిన్నబుచ్చుకుని.

"పాపం, మీ సొంత కథ కూడా మీ దగ్గర బతికి లేదన్నమాట. ఇక మీకు ఇన్ని గొంతులెందుకు?"

అతను చిటిక వేశాడు. చిలుక ముక్కు తెరిచి లోపలికి గట్టిగా గాలి పీల్చింది. అంతే. వెదురుకోటలో పిల్లలందరి గొంతులూ ఆగిపోయాయి. బొంగరం కోసం కొట్టుకుంటున్నవాళ్ళు నోళ్ళు కదుపుతూ కొట్టుకుంటున్నారు. తప్పటడుగు వేసి పడ్డ పిల్ల నోరు పెద్దగా తెరిచి ఏడుస్తోంది, చప్పుడు లేదు. ఉయ్యాల్లో ఉన్న పసివాళ్ళు కూడా అంతే.

రాజు సింహాసనం దిగి వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. కరాళుడు ఆయన్ని మర్యాదగా లేవదీశాడు. "బాధపడకండి. ఏడు సముద్రాల అవతల నా దీవి ఉంది. మీలో ఎవరైనా వచ్చి నాకు తెలియని కథ చెప్పండి, గొంతులు ఇచ్చేస్తాను. అయితే వేరే కథ పనికిరాదు. ఈ కథే చెప్పాలి."

"ఇది మీకు తెలుసన్నారు కదా స్వామీ?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నాను" అని నవ్వి, అతను చిలుకతో సహా మాయమైపోయాడు.

ఆ సాయంకాలం ముసలమ్మలు అరుగుల మీద కూర్చున్నారు. కథ మొదలుపెట్టారు. ఊ రాలేదు. పిల్లలు తలలు ఊపారు, చేతులు ఊపారు, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. అయినా కట్టుబాటు కట్టుబాటే. ముసలమ్మలు కథలు మింగేసి లోపలికి వెళ్ళిపోయారు. ఉయ్యాల పక్కన తల్లులు కంటి మీద రెప్ప వెయ్యడం మానేశారు. బిడ్డ ఏడిస్తే వినపడదు కదా, ఆకలేసిందని ఎలా తెలుస్తుంది? అలా ఒక పిల్లవాడు పెరటి బావిలో పడి, అరిచినా ఎవరికీ వినపడక, చాలాసేపు మోకు పట్టుకుని వేలాడాడు. ఎవరో నీళ్ళకి వెళ్ళి చూడబట్టి బతికాడు. ఆ రోజునుంచి ఊరంతా భయమే.

పెద్దవాడు రణధీరుడు బయలుదేరాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. నడిపివాడు శ్రుతకీర్తి బయలుదేరాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. చిన్నవాడు కేదారుడు తండ్రి దగ్గరికి వచ్చి, "నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు.

"నువ్వా? అన్నలకి కానిది నీవల్ల ఏమవుతుందిరా?"

"ఏమవుతుందో నాకూ తెలియదు. కానీ బావిలో పడ్డ ఆ పిల్లవాణ్ణి చూశాక అన్నం దిగడం లేదు."

అన్నం దిగడం లేదని కేదారుడు అనేసరికి రాజుకి పరిస్థితి ఎంత గడ్డుగా ఉందో అర్థమైంది. ఇక అడ్డు చెప్పలేదు.

కేదారుడు అడవులు దాటి ఒక పెద్ద కొండ దగ్గరికి వచ్చాడు. కొండ కొమ్మున ఒక గద్ద కూర్చుని ఉంది. "అవతలికి మోసుకెళ్తాను గానీ ఊరికే కాదు. కథ చెప్పాలి" అంది.

కేదారుడికి వచ్చింది ఒక్కటే కథ. మొదలుపెట్టాడు. "శత్రుభయంకరుడు, సమరసింహుడు, గజగండాంకుశుడు అయిన చండకేతు మహారాజు..."

"ఊరుకో బాబూ ఊరుకో! నాకు ఆకలి తెలుసు, బిరుదులు తెలియవు. కోట ముట్టడిస్తే తిండి అయిపోయి ఉంటుంది కదా. మీవాళ్ళు ఏం తిన్నారు?"

 ఆ సంగతి కేదారుడికి ఎవరూ చెప్పలేదు. ఆలోచించగా ఆలోచించగా ఒకటి గుర్తొచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఏడాదికొక రోజు ప్రతి ఇంట్లోనూ, రాజుగారి ఇంట్లో కూడా, ఉప్పు లేకుండా వెదురుబియ్యం గంజి కాస్తారు. అది చేదుగా ఉంటుందని పిల్లలు ముఖం తిప్పుకుంటారు. ఎందుకు తాగాలో ఎవరూ చెప్పరు. తాగాలంతే. "వెదురుబియ్యం! వెదురుబియ్యం తిని బతికారు!" అని గట్టిగా అరిచాడు. అరిచి, తనే నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళూ కథని తాగుతూ కూడా అది కథని తనకి తెలియలేదు.

"ఇదిగో, ఇప్పుడు నాకు వాళ్ళ కడుపు కనిపించింది" అని గద్ద అతన్ని మోసుకుని కొండ దాటించింది.

కొండ అవతల సముద్రం. ఒడ్డున ఒక ముసలి తాబేలు. "ఏడు సముద్రాలూ దాటిస్తాను గానీ ఊరికే కాదు. కథ చెప్పాలి" అంది.

ఏడు సముద్రాలంటే తెలుసా మీకు? ఉప్పునీటిది, చెరకురసంది, కల్లుది, నేతిది, పెరుగుది, పాలది, మంచినీటిది. పెద్దవాళ్ళు అలాగే చెప్పారు. పెరుగు సముద్రం వేసవిలో పులిసిపోదా అని నేను చిన్నప్పుడు అడిగితే మా మేనత్త నెత్తి మీద మొట్టింది. నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. కేదారుణ్ణి అడిగితే చెప్పేవాడేమో గానీ, అతని ధ్యాస సముద్రం మీద లేదు. తాబేలు వీపు మీద కూర్చుని కథ చెబుతున్నాడు. "అందరూ సొరంగంలో దిగారు. నడిచారు. అడవికి చేరారు. గెలిచారు."

"ఎందుకయ్యా అంత ధీమాగా చెబుతున్నావు?" అంది తాబేలు.

"ఎలాగూ గెలుస్తారు కదా తాతా."

"ఆ సంగతి నీకు తెలుసు. సొరంగంలో నడుస్తున్నవాళ్ళకి తెలుసా?"

కేదారుడు సొరంగంలో నడుస్తున్నవాళ్ళనే తలచుకుంటూ కూర్చున్నాడు. చెరకు సముద్రం దాటింది, నేతి సముద్రం దాటింది. పాల సముద్రం మధ్యలో నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తున్నవాడిలా, ముందేముందో తెలియనివాడిలా చెప్పాడు. తాబేలు ఈదడం కూడా మరచిపోయి కాసేపు అలాగే తేలుతూ ఉండిపోయింది.

దీవి వచ్చింది. నల్లరాతి కోట. పెద్ద గుమ్మం బార్లా తెరిచే ఉంది. అన్నలు ఆ గుమ్మంలోంచే తిన్నగా వెళ్ళారు. కేదారుడు అడుగు వెయ్యబోతే, గోడ పక్కనుంచి ఒక ఎలుక పిలిచింది. దాని వీపు మీద పిల్లలు. "అటు వెళ్ళకు నాయనా. అటు వెళ్ళినవాళ్ళు రాళ్ళయిపోతారు. తోటలోకి నీళ్ళు పారే తూము చూపిస్తాను. కానీ ఊరికే కాదు..."

"కథ చెప్పాలి. తెలుసమ్మా" అన్నాడు కేదారుడు. చెప్పాడు. వెదురుబియ్యం చెప్పాడు, చీకటి చెప్పాడు. ఎలుక అంతా విని, "బాగుంది గానీ, ఆ గుంపులో చంటిబిడ్డ తల్లి లేదా?" అంది.

"ఏమో. గ్రంథాల్లో లేదు."

"ఊరు ఊరంతా సొరంగంలో దిగిందంటావు. చంటిబిడ్డ లేకుండా ఊరేమిటి? బిడ్డని ఎత్తుకుని చీకట్లో దాక్కున్నదాన్ని నేను. ఆ తల్లి లేకపోతే నీ కథ అబద్ధం."

కేదారుడు ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఎలుక వెంట తూములోంచి పాకుతూ తోటలోకి వెళ్ళాడు.

తోటలో ఒక అమ్మాయి నెమలీకల కట్టతో పక్కపక్కన నిలబడ్డ రెండు రాతి బొమ్మల దుమ్ము దులుపుతోంది. ఇతన్ని చూసి ఏమాత్రం బెదరలేదు.

"నువ్వు మూడోవాడివా? ముక్కు చూస్తే తెలుస్తోంది. మీ అన్నలిద్దరికీ రోజూ నేనే దుమ్ము దులుపుతున్నాను. పెద్దాయన మీసాల్లో సాలెపురుగు గూడు కట్టింది, ఎంత తీసినా పోదు."

కేదారుడు చూశాడు. రణధీరుడు చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి రాయిగా నిలబడి ఉన్నాడు. పక్కనే శ్రుతకీర్తి, వేళ్ళు మడిచి ఏదో లెక్క చెబుతున్నట్టు. కేదారుడు అన్న రాతి భుజం పట్టుకుని ఏడవబోయాడు.

"ఏడుపు తర్వాత. ముందు విను" అంది ఆ అమ్మాయి. ఆమె పేరు కువలయ. తీరదేశపు రాజు కూతురు. ఆమెని కరాళుడు ఎత్తుకొచ్చి చిలుక పంజరం తుడిచే పని పెట్టాడు. "అతని ప్రాణం ఆ చిలుక గొంతులో ఉంది. పిల్లల గొంతులూ అక్కడే. అవే అతని ఆయుష్షు. నువ్వెంత మంచి కథ చెప్పినా అతను ఇవ్వడు. ఇస్తే చస్తాడు కదా."

"అయితే చిలుక మెడ విరిచేస్తాను."

"మెడ విరిస్తే అతనూ చస్తాడు, లోపలున్న గొంతులూ చస్తాయి. మీ ఊరి పిల్లలు ఇక జన్మలో మాట్లాడరు. ఆ పని నేనెప్పుడో చేసేదాన్ని. చిలుక తనంతట తను నోరు తెరిచి కూయాలి. అప్పుడే గొంతులు ప్రాణాలతో బయటికొస్తాయి. కానీ అది కూయదు. జామపండు పెట్టాను, మిరపకాయ పెట్టాను, తిట్టాను, బతిమాలాను. కూయలేదు."

కేదారుడు అన్నల రాతి ముఖాలకేసి చూశాడు. తర్వాత, "మా పిల్లలు దేనికీ ఆగరు గానీ, కథ ఆగిపోతే మాత్రం ఆగలేరు" అన్నాడు.

"అంటే?"

"ఊ కొట్టేవాడు ఊ కొట్టడం మరచిపోతే, నేను కథ ఆపేస్తాను."

కువలయ అతని ముఖంలోకి చూసింది. "అతను మరచిపోవాలి కదా. తెలిసిన కథకి ఎవరైనా ఊ కొట్టడం మరచిపోతారా? నిన్ను దులపడానికి కొత్త నెమలీకలు ఏరుకోవాలి కాబోలు" అంది. వెక్కిరింపుగానే అంది గానీ నెమలీకల కట్ట కింద పెట్టి, కరాళుడు ఉండే వైపు దారి చూపించింది.

మిట్టమధ్యాహ్నం. కరాళుడు భోజనం చేసి, తాంబూలం వేసుకుని, ఊయలబల్ల మీద కూర్చున్నాడు. పక్కన బంగారు పంజరంలో చిలుక. వెనక విసనకర్రతో కువలయ. కేదారుడు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"రా నాయనా. మీ నాన్నగారికి ఇంకా ఎంతమంది మిగిలారు?"

"నేనే ఆఖరు."

"మంచిది. తొందరగా అయిపోతుంది. పద్ధతి తెలుసా? ఇక ముందేం జరుగుతుందో నాకు తెలిస్తే, తెలుసంటాను. అన్నప్పుడల్లా నువ్వు కొంత రాయివవుతావు. మొదటిసారి మోకాళ్ళదాకా. రెండోసారి గుండెలదాకా. మూడోసారి, ఇక చెప్పక్కర్లేదు. నేను తెలుసని తప్పు చెబితే నా మంత్రం నాకే తగులుతుంది. న్యాయంగా ఉంది కదూ?"

"ఉంది. మా పద్ధతి కూడా ఒకటుంది. ఊ కొట్టాలి. ఊ లేకపోతే కథ ముందుకి నడవదు."

"మీ అన్నలూ అడిగారు. కొట్టాను. పెద్దాయన బిరుదులు చదివాడు, నడిపాయన తిథులు చదివాడు. అయినా కొట్టాను. పద్ధతులంటే నాకు గౌరవం. కానివ్వు."

కేదారుడు మొదలుపెట్టాడు. "మా ఊరి చుట్టూ శత్రువులు దిగారు."

"ఊ. కోట తలుపులు మూసేశారు, రోజులు గడిచాయి, గాదెలు ఖాళీ అయ్యాయి. తెలుసు" అన్నాడు కరాళుడు.

కేదారుడి కాళ్ళు చల్లబడ్డాయి. కిందికి చూశాడు. మోకాళ్ళదాకా రాయి.

"గాదెలు ఖాళీ అయ్యాయి. కోట గోడల లోపల ఆ ఏడు వెదురు పూసింది. వెదురు పూస్తే కరువని ముసలివాళ్ళు ఏడ్చారు. ఆ ఏడుస్తున్నవాళ్ళే వెళ్ళి, రాలిన గింజలు మట్టిలోంచి ఏరుకొచ్చి గంజి కాశారు. ఉప్పు లేదు. రాజుకీ అదే, గుర్రాలు తోమేవాడికీ అదే."

కరాళుడు తాంబూలం నమలడం ఆపాడు. "ఇది మీ కవి చెప్పలేదే" అని, "ఊ" అన్నాడు.

"గింజలు కూడా అయిపోయాయి. అప్పుడు రాజు..."

"సొరంగం తెరిపించాడు. అందరూ దిగారు. తెలుసు."

చలి పైకి పాకింది. నడుము, పొట్ట, గుండెలు. కేదారుడికి ఊపిరి సగమే అందుతోంది. ఇక ఒక్క 'తెలుసు' మిగిలింది. 

కేదారుడు కళ్ళు మూసుకున్నాడు. సభలో విన్న కథంతా వదిలేశాడు. చీకట్లోకి దిగాడు.

"దివిటీ వెలిగించలేదు. వెలిగిస్తే పొగ పైకి వెళ్తుంది. ముందు నడిచేవాడి భుజం మీద వెనకవాడి చెయ్యి. పైన మన్ను రాలుతోంది. ఎంత దూరం ఉందో ఎవరికీ తెలియదు. అవతలి చివర తెరిచి ఉందో, పూడిపోయిందో తెలియదు."

"ఊ."

"చివరికి కాస్త వెలుతురు కనిపించింది. సొరంగం నోటికి ముళ్ళపొద అడ్డం ఉంది. పొద అవతల వాగు. రాజు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. వాగు ఒడ్డున శత్రువుల గుర్రాలు నీళ్ళు తాగుతున్నాయి. సైనికులు దిగి చెట్ల నీడన కూర్చున్నారు. ఒకడు పొద దగ్గరికే వచ్చి, చెప్పులు విప్పి, ముల్లు తీసుకుంటున్నాడు. వాడి మడమ రాజుకి కనిపిస్తోంది."

కరాళుడు ముందుకి వంగాడు. ఊ రావడానికి కాస్త ఆలస్యమైంది. పంజరంలో చిలుక మెడ కదిలింది. "ఊ" అన్నాడు కరాళుడు.

"గుంపు మధ్యలో రంగమ్మ అనే చాకలి ఇల్లాలు ఉంది. ఆమె చంకలో నెలల బిడ్డ. గంజి తాగే తల్లికి పాలెక్కడివి? బిడ్డ అంతవరకూ నిద్రపోయింది. నడక ఆగింది కదా. ఊపు ఆగేసరికి బిడ్డ కదిలింది."

కరాళుడి చెయ్యి ఊయల గొలుసుని పట్టుకుంది. చిలుక రెక్కలు బిగుసుకున్నాయి. దాని గొంతు బంతిలా ఉబ్బింది. కువలయ విసరడం మానేసింది. చాలాసేపటికి, ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు, కరాళుడు "ఊ" అన్నాడు. చిలుక గొంతు మళ్ళీ దిగిపోయింది.

కేదారుడికి నిరాశతో కళ్ళు తిరిగాయి. అయినా గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించాడు.

"బిడ్డ కళ్ళు తెరిచింది. చీకటి. పెదవి విరిచింది. అందరూ రంగమ్మ వైపు తిరిగారు. ఎవరూ ఏమీ అనలేదు. అనలేరు. రంగమ్మ బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టింది. గట్టిగా పెడితే బిడ్డకి ఊపిరి ఆడదు. వదులుగా పెడితే ఊరంతా చస్తుంది. బయట సైనికుడు ముల్లు తీసుకోవడం ఆపి, తలెత్తాడు. రంగమ్మ అరచేతి కింద బిడ్డ గొంతు కదిలింది. ఆమె బిడ్డ ముఖంలోకి చూసింది. చూసి, చెయ్యి..."

కేదారుడు ఆపేశాడు.

ఊ రాలేదు.

కరాళుడు ఊపిరి బిగబట్టి ఉన్నాడు. అతని నోరు "తె" అనబోయి ఆగింది. బిడ్డ ఏడ్చిందనాలా? ఏడిస్తే వెదురుకోట మిగలదు. ఏడవలేదనాలా? తల్లి చెయ్యి తీసేస్తే? తప్పు చెబితే తన మంత్రం తనకే. అతను కేదారుడి పెదవులనే చూస్తున్నాడు. గదిలో గాలి కూడా ఆగిపోయింది. కేదారుడు పెదవి కదపలేదు. కట్టుబాటు కట్టుబాటే.

అప్పుడు పంజరంలోంచి వినిపించింది.

"ఊ."

అది చిలుక గొంతు కాదు. ఒక చిన్నపిల్ల గొంతు. దాని వెనకే ఇంకొకటి, "ఊ!" దాని వెనకే పది, వంద, ఊరంతా. "ఊ! ఊ! తర్వాత? బిడ్డ ఏమైంది? ఊ!" చిలుక ముక్కు తెరుచుకునే ఉంది. దాని గొంతులోంచి పిల్లల కేకలూ నవ్వులూ ఏడుపులూ వానలా బయటికి కురిసి, కిటికీలోంచి సముద్రం మీదికి ఎగిరిపోయాయి.

కరాళుడు చిలుక ముక్కు మూయడానికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వేళ్ళ చివరనుంచి అగరొత్తి బూడిదలా రాలడం మొదలుపెట్టింది. అతను దాన్ని చూసుకోలేదు. కేదారుడి వైపే తిరిగాడు.

"చెప్పు నాయనా. ఆ తల్లి..."

"నాకు తెలియదు" అన్నాడు కేదారుడు.

"తెలియకుండా ఎలా చెప్పావు?"

కేదారుడు జవాబు చెప్పేలోగా ఊయలబల్ల మీద బూడిద తప్ప ఏమీ లేదు. తాంబూలం ఎర్రగా కింద పడి ఉంది. చిలుక కువలయ తెరిచిన పంజరంలోంచి నడిచి వచ్చి, అన్ని చిలుకల్లాగే కీచుమని అరిచి, తోటలో జామచెట్టు మీద వాలింది.

రాయి కరిగింది. కేదారుడి కాళ్ళలోకి రక్తం పాకింది. తోటలోంచి రణధీరుడి గొంతు, ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంది: "...గండభేరుండుడు, వీరమార్తాండుడు..." దాని వెంటే శ్రుతకీర్తి: "...శుద్ధ దశమి, గురువారం..."

"చాలు మహాప్రభో! ముందు ఆ మీసాలు దులుపుకోండి" అంది కువలయ.

అన్నదమ్ములు ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత కేదారుడు కువలయ దగ్గరికి వచ్చి, "మాతో వస్తావా?" అన్నాడు.

"దుమ్ము దులపమంటే మాత్రం రాను."

"మా ఇంట్లో దుమ్ము నేను దులుపుతాను."

"అయితే మా నాన్నగారిని అడుగు. ఆయన కాదంటే కథ చెప్పి, మధ్యలో ఆపెయ్" అంది ఆమె. అప్పుడు నవ్వింది. ఆ దీవిలో ఆమె నవ్వడం అదే మొదలు.

ఇక వెదురుకోటలో ఏమైందో చెప్పాలి. గొంతులు ఏడు సముద్రాలూ దాటి వచ్చేసరికి మర్నాడు పొద్దునైంది, తల్లులు పిల్లలకి తలంట్లు పోస్తున్నారట. ఉన్నట్టుండి ఊళ్ళో పిల్లలందరూ ఒక్కసారి "ఊ" అన్నారు.  ఆ తర్వాత కళ్ళలో కుంకుడురసం పడ్డవాళ్ళంతా కెవ్వుమన్నారు. తల్లులు చెంబులు పారేసి, నురగతోనే పిల్లల్ని ఎత్తుకుని వీధుల్లోకి పరుగెత్తారు. గుణకేతుడు కోట బురుజు మీద నిలబడి ఆ ఏడుపులు వింటూ పసివాడిలా ఏడ్చాడు.

కొడుకులు ముగ్గురూ తిరిగొచ్చారు. రాజ్యం నీదేరా అని రాజు కేదారుడితో అన్నాడు. అన్నలు కాదనలేదు. రణధీరుడు సేనాపతి అయ్యాడు. శ్రుతకీర్తి వెదురుకోట చరిత్రని మళ్ళీ రాయడానికి కూర్చున్నాడు. ఈసారి తిథుల మధ్య అక్కడక్కడా ఖాళీ తాటాకులు వదిలాడట, తెలియని సంగతులకి చోటుండాలని. మా మాస్టారికి ఆ తాటాకుల సంగతి తెలిస్తే బాగుండేది.

కేదారుడికీ కువలయకీ పెళ్ళి. పందిరి నిండా పిల్లలు. వాళ్ళకి మంత్రాలు పట్టలేదు, వాళ్ళ గొడవ వాళ్ళది. "రంగమ్మ చెయ్యి తీసేసింది, బిడ్డ నవ్వింది!" అని ఒకతె. "కాదు, ఏడ్చింది, ఆ సైనికుడు పిల్లి అనుకున్నాడు!" అని ఇంకొకడు. "వాడికి ఇంటి దగ్గర అలాంటి బిడ్డే ఉంది, విని కూడా ఊరుకున్నాడు!" అని ఒక చిన్నది, ఎవరూ వినడం లేదని బల్ల ఎక్కి మరీ అరిచింది. పెళ్ళికొడుకు మాంగల్యం పట్టుకుని, ఏది నిజమో తేల్చుకోలేక, నోరు తెరిచి వింటున్నాడు.

పురోహితుడికి తన మంత్రం తనకే వినపడలేదు. పాపం పెద్దాయన, విసుగొచ్చి పిల్లల వైపు తిరిగి, "నోరు..." అన్నాడు.

పందిరంతా ఆగిపోయింది. రాజు చూశాడు, రాణి చూసింది, తల్లులందరూ చూశారు. బావిలో పడి బతికిన పిల్లవాడి తల్లి లేచి నిలబడింది.  పురోహితుడు పళ్ళెంలోంచి గుప్పెడు బెల్లం ముక్కలు తీశాడు. "నోరు తీపి చేసుకోండి నాయనా" అన్నాడు. "చేసుకుని, ఆ బిడ్డ సంగతి నాకు కూడా కాస్త వినపడేలా చెప్పండి."

కేదారుడూ కువలయా చాలాకాలం రాజ్యం చేశారు. వానలు కురిశాయి, పంటలు పండాయి, ఒకసారి వెదురు కూడా పూసింది, అయినా కరువు రాలేదు. ఆ రాజ్యంలో పన్నులు ఎగ్గొట్టినవాళ్ళున్నారు, దొంగలున్నారు, అత్తాకోడళ్ళ తగాదాలున్నాయి. కానీ పిల్లల్ని నోరు మూసుకోమన్నవాడు మాత్రం లేడు. వీధిలో ఎంత గోల జరిగినా, పడుకున్న ముసలివాళ్ళు అటు తిరిగి, వింటూ వింటూ నిద్రపోయేవాళ్ళు.

వాళ్ళంతా అక్కడ సుఖంగా ఉన్నారు. మనం లేచి, కాళ్ళు కడుక్కుని, అన్నాలకి కూర్చుందాం.